కంప్యూటరుకు కొత్త వ్యవస్థ – మన ఫైళ్లకు పాత తాళం

తన ఇంటికి తానే తాళం వేసి, తాళంచెవి పోగొట్టుకొని, గుమ్మం ముందు నిలువవలసి వచ్చిన అనుభవం చాలమందికి ఉంటుంది. అట్టి సమయంలో ఇరుగుపొరుగువారు వచ్చి ‘ఈ ఇల్లు వీరిదే’ అని సాక్ష్యం పలుకుతారు. ఎవరో ఒకరు సుత్తి తెచ్చి తాళం పగులగొడతారు. అంతటితో కథ ముగుస్తుంది. కాని కంప్యూటరులో దాచుకొన్న సొంత ఫైళ్ల ముందు అదే విధంగా నిలువవలసి వచ్చినప్పుడు సాక్ష్యం పలికే పొరుగువారు ఉండరు. అక్కడ ఏ తాళం తీయదగినది, ఏ తాళం తీయరానిది అన్న వివేకం ఒక్కటే మనకు తోడు. ఆ వివేకాన్ని నేను ఆలస్యంగా, కొంత నష్టపడి నేర్చుకొన్నాను. పాఠక మిత్రులకైనా అట్టి నష్టం కలుగకూడదన్న ఉద్దేశంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మా నాన్నగారు ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేసిన పిదప కంప్యూటరు నేర్చుకొన్నారు. ఉర్దూ రచనలను ఇన్‌పేజ్‌లోను, తెలుగు రచనలను వర్డ్‌లోను స్వయంగా టైపు చేసుకొనేవారు. ఇంటి లెక్కలు, భూమి కాగితాల నకళ్లు, పెళ్లిళ్ల ఛాయాచిత్రాలు, తన చిన్ననాటి జ్ఞాపకాలు – సమస్తమూ ‘డీ’ డ్రైవులో క్రమంగా అమర్చుకొన్నారు. ఇంటి పిల్లలు ఆటల కొరకు అదే కంప్యూటరు ముందు కూర్చునేవారు గనుక, కొన్ని ఫోల్డర్లకు తన ఖాతా తప్ప మరెవరికీ ప్రవేశం లేకుండ కట్టడి చేసికొన్నారు. 2023లో ఆయన గతించారు. మరుసటి సంవత్సరం ఆ యంత్రం తెరుచుకొనడం మానివేసింది. ఊరిలోని ఒక అంగడికి తీసికొని పోయాను. ‘డీ డ్రైవు ముట్టుకోము, సీ డ్రైవు మాత్రం ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ వేస్తాము’ అన్నారు. సరేనన్నది నేనే. వారు చెప్పినట్లే చేశారు; వారి తప్పు ఏమియు లేదు.

ఇంటికి వచ్చి నాన్నగారి పేరుతోనే, అక్షరం తప్పకుండ, కొత్త ఖాతా తెరిచాను. ఆయన వాడిన రహస్యపదమే పెట్టాను. డీ డ్రైవులో ఫోల్డర్లన్నియు యథాస్థానంలో కనిపించినవి. ఒకదానిపై నొక్కగా ‘మీకు ఇందులో ప్రవేశించుటకు అనుమతి లేదు’ అన్న హెచ్చరిక ఇంగ్లీషులో వచ్చింది. పేరు అదే, రహస్యపదం అదే, యంత్రం అదే. మరి అనుమతి ఎందుకు లేదు?

పేరు ఒకటే, సంఖ్య వేరు

ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే విండోస్ మనుషులను ఏ విధంగా గుర్తిస్తుందో తెలియాలి. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టితో పాటు ఎన్.టి.ఎఫ్.ఎస్. అనే ఫైళ్ల అమరిక వెలువడింది. ఈనాటి విండోస్ కంప్యూటర్లు కూడ సాధారణంగా దానినే వాడుతున్నవి. ఇందులో ప్రతి ఫైలుకు, ప్రతి ఫోల్డరుకు ఒక యజమాని ఉంటాడు. ఎవరు చదువవచ్చును, ఎవరు మార్చవచ్చును అని తెలిపే ఒక అనుమతుల పట్టీ ఉంటుంది. ఆ పట్టీలో ఉండేది మన పేరు అని మనం అనుకొంటాము. నిజానికి అందులో ఉండేది ఒక దీర్ఘసంఖ్య. దానిని ఎస్.ఐ.డి. అంటారు. అది ‘ఎస్-1-5-21’ అని మొదలై, ఆ పిదప విండోస్‌ను స్థాపించిన సమయంలో ఆ యంత్రానికి ఏర్పడిన మూడు పెద్ద సంఖ్యలను చేర్చుకొని, చివర 1000కి తక్కువ కాని ఒక క్రమసంఖ్యతో ముగుస్తుంది. తెరపై కనిపించే పేరు మన సౌలభ్యం కొరకే. వ్యవస్థ నమ్మేది ఆ సంఖ్యనే.

విండోస్‌ను మరల స్థాపించినప్పుడు ఆ మూడు పెద్ద సంఖ్యలు కొత్తగా పుట్టుకొని వస్తాయి. కావున పాత పేరుతో ఖాతా తెరిచినను సంఖ్య వేరు. సంఖ్య వేరు కనుక, వ్యవస్థ దృష్టిలో మనిషి వేరు. ఒక గ్రామంలో ఒకే పేరుగల వారు ఇద్దరున్నంత మాత్రాన ఒకరి చేను మరొకరిది కాదు కదా! అంగట్లో అమ్మకానికి పెట్టిన కొత్త కంప్యూటరుకు పాత డిస్కును తగిలించినను ఇదే చిక్కు వస్తుంది. పాత ఫోల్డరు అనుమతుల పట్టీని తెరిచి చూస్తే, పేరు ఉండవలసిన చోట ‘అకౌంట్ అన్‌నోన్’ అని, దాని ప్రక్క పాత దీర్ఘసంఖ్య కనిపిస్తుంది. పాత యజమాని ఉన్నాడు. కాని ఆయన ఎవరో చెప్పగల రిజిస్టరు ఇప్పుడు లేదు.

మన ప్రాంతపు పెద్దలకు దీనిని మరొక విధంగా చెప్పవచ్చును. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లా నుండి విడివడి అందులో చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టినారు. కచేరీ మారింది, ముద్ర మారింది. ఏ రైతు చేనూ అంగుళమైనా కదలలేదు. అయితే పాత కచేరీలోని హక్కుల పట్టీ కొత్త కచేరీకి చేరకుండ మధ్యలో కాలిపోయి ఉంటే ఎంతటి చిక్కు వచ్చి ఉండేదో ఊహించండి. చేను ఉన్నది, రైతు ఉన్నాడు, ఇద్దరికీ గల సంబంధాన్ని చెప్పే కాగితం లేదు. సీ డ్రైవును ఫార్మాట్ కొట్టించడం అట్టి పట్టీని కాల్చివేయడమే.

ఈ సందర్భంలో ఒక భాషావిశేషం మనవి చేయాలనిపిస్తున్నది. హక్కు, దస్తావేజు, వారసుడు అన్న మాటలు ఉర్దూ పారశీకాల మార్గాన తెలుగులోకి వచ్చి, ఇప్పుడు ఏ పల్లెటూరి రైతుకూ పరాయివిగా తోచనంతగా కలిసిపోయినవి. మన కంప్యూటరు చిక్కు కూడ సరిగా ఈ మూడు మాటలలోనే ఉన్నది: దస్తావేజు పోయింది, హక్కు నిలిచింది, వారసుడు దానిని నిరూపించుకొనవలసి వచ్చింది.

మొదటి తాళం: కావలివాడు

సంతోషింపదగిన విషయమేమనగా, పైన చెప్పిన అనుమతుల పట్టీ వాకిట నిలిచిన కావలివాడి వంటిది మాత్రమే. లోపలి సామగ్రి చెక్కుచెదరకుండ, చదువదగిన రూపంలోనే ఉంటుంది. కొత్త విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్ అధికారం గల ఖాతాకు, ఏ ఫోల్డరు యొక్క యాజమాన్యాన్నైనా స్వీకరించే విశేషాధికారం ఉన్నది. పాత యజమాని గతించినప్పుడు, లేదా ఉద్యోగం విడిచి పోయినప్పుడు అతని ఫైళ్లు అనాథలు కాకూడదన్న దూరదృష్టితో ఏర్పరచిన అధికారమిది. దానిని వినియోగించే క్రమం ఇది:

1. అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో ప్రవేశించి, మూతపడిన ఫోల్డరుపై మౌస్ కుడి మీట నొక్కి ‘ప్రాపర్టీస్’ తెరవాలి. అందులో ‘సెక్యూరిటీ’, దానిలో ‘అడ్వాన్స్‌డ్’ ఎంచుకోవాలి.

2. పైభాగాన ‘ఓనర్’ అన్న మాట ప్రక్కన ‘ఛేంజ్’ అని ఉంటుంది. దానిని నొక్కి, కొత్త ఖాతా పేరు వ్రాసి, ‘చెక్ నేమ్స్’ ద్వారా సరిచూసుకొని ఒప్పుకోవాలి.

3. యజమాని పేరు క్రిందనే, లోపలి ఫోల్డర్లకు, ఫైళ్లకు కూడ యజమానిని మార్చమనే చిన్న గడి ఉంటుంది. దానిలో గుర్తు పెట్టాలి. చాలమంది దీనిని మరచి, పై వాకిలి తెరుచుకొన్నా లోపలి గదులు తెరుచుకొనలేదని విచారిస్తారు.

4. కిటికీలన్నియు ఒకసారి మూసి, మరల అదే చోటికి వచ్చి, ‘యాడ్’ నొక్కి, కొత్త ఖాతాను చేర్చి, ‘ఫుల్ కంట్రోల్’ ఇవ్వాలి. యజమాని కావడం వేరు, ప్రవేశానుమతి కలిగి ఉండడం వేరు. యజమానికి ఆ అనుమతి తనకు తాను ఇచ్చుకొనే హక్కు మాత్రం ఉంటుంది.

ఫైళ్లు వేల సంఖ్యలో ఉన్నప్పుడు ఇదే పనిని ఆజ్ఞల రూపంలో చేసే ‘టేక్‌ఓన్’, ‘ఐక్యాకల్స్’ అనే రెండు పనిముట్లు విండోస్‌లోనే ఉన్నవి. తెలిసినవారి సహాయంతో వాడుకోవచ్చును.

ఇచట ఒక హెచ్చరిక అవసరం. ఈ అధికారాన్ని మన సొంత ఫైళ్ల ఫోల్డరు వరకే పరిమితం చేయాలి. ‘అన్ని తలుపులూ ఒకేసారి తీద్దాం’ అనుకొని సీ డ్రైవు మొత్తానికి, లేదా విండోస్ ఫోల్డరుకు యాజమాన్యం మార్చితే, వ్యవస్థ తన రక్షణ కొరకు పెట్టుకొన్న కట్టుబాట్లు చెదిరి, మరల ఫార్మాట్ చేయవలసిన గతి పట్టవచ్చును. అట్లే, ఇతరుల కంప్యూటరుపై ఈ విద్యను ప్రయోగించడం పరుల ఇంట ప్రవేశించడంతో సమానమని వేరుగా చెప్పనక్కరలేదు.

పై క్రమాన్ని అనుసరించిన కొద్ది నిమిషాలలో నాన్నగారి లెక్కలు తెరుచుకొన్నవి. భూమి కాగితాల నకళ్లు కనిపించినవి. పెళ్లిళ్ల ఛాయాచిత్రాలు చూచి మా అమ్మగారు కన్నీరు పెట్టుకొన్నారు. అన్నియు దక్కినవని సంతోషించాను. ఒక్క ఫోల్డరు మాత్రం మిగిలింది.

రెండవ తాళం: గూఢలిపి

ఆ ఫోల్డరుకు కూడ యాజమాన్యం మార్చాను. పూర్తి అనుమతి ఇచ్చుకొన్నాను. ఫోల్డరు తెరుచుకొన్నది. లోపల పదునాలుగు ఫైళ్ల పేర్లు వరుసగా కనిపించినవి. ‘కంభం చెరువు కట్ట మీద’, ‘మీటరు గేజి రైలులో గిద్దలూరు’, ‘పలకల గనిలో మా బాబాయి’ – అన్నియు ఆయన జ్ఞాపకాల అధ్యాయాలు. ఏ ఒక్కదానిని తెరువబోయినా మరల అదే మాట: ప్రవేశం లేదు. ప్రతి ఫైలు బొమ్మపై చిన్న తాళం గుర్తు ఉన్నది.

హెచ్చరిక ఒకే తీరున ఉన్నను కారణం పూర్తిగా వేరు. ఇవి ఇ.ఎఫ్.ఎస్. అనే పద్ధతిలో గూఢలిపిలోకి మార్చిన ఫైళ్లు. 2000 సంవత్సరంలో వచ్చిన విండోస్ 2000లో ఈ సౌకర్యం ప్రవేశపెట్టబడింది. ఇటీవలి విండోస్‌లలో ఇది ప్రొఫెషనల్ మొదలైన తరగతులలో ఉంటుంది, హోమ్ తరగతిలో ఉండదు. దీని పని ఇట్లుంటుంది. ప్రతి ఫైలుకు వ్యవస్థ ఒక రహస్య తాళంచెవిని సృష్టించి, దానితో ఫైలులోని విషయాన్ని గజిబిజి చేస్తుంది. ఆ తాళంచెవిని ఒక చిన్న పెట్టెలో పెట్టి, ఆ పెట్టెకు వాడుకరి యొక్క మరొక తాళం వేస్తుంది. ఈ రెండవ తాళంచెవి సీ డ్రైవులో, వాడుకరి ఖాతాకు చెందిన ఫోల్డరులో, ఆయన రహస్యపదం రక్షణలో ఉంటుంది. వాడుకరికి ఇదంతయు కనిపించదు. ఖాతాలో ప్రవేశించి ఫైలుపై నొక్కితే చాలును, తెరుచుకొంటుంది. కావుననే, తన ఫైలుకు తాళం ఉన్నదన్న సంగతినే అతడు మరచిపోతాడు.

సీ డ్రైవును ఫార్మాట్ కొట్టినప్పుడు ఆ తాళంచెవి నశించింది. రహస్యపదం నాకు తెలిసినను ప్రయోజనం లేదు. ఆ రహస్యపదం కాపాడుతున్న వస్తువే లేదు. యాజమాన్యం మార్చడం వలన కావలివాడు తొలగుతాడే గాని, గజిబిజి అయిన అక్షరాలు సరికావు. ఫైళ్ల పేర్లను ఈ పద్ధతి గూఢలిపిలోకి మార్చదు. అందువలననే అధ్యాయాల పేర్లు చదువగలుగుతున్నాను, అధ్యాయాలు చదువలేకపోతున్నాను.

ఒక ఫైలు ఏ తాళంలో ఉన్నదో తెలిసికొనడం కష్టం కాదు. ‘ప్రాపర్టీస్’లో ‘జనరల్’ అన్న పుటలోని ‘అడ్వాన్స్‌డ్’ నొక్కితే, ఫైలును గూఢలిపిలో ఉంచమనే గడి కనిపిస్తుంది. అందులో గుర్తు లేకుంటే కావలివాడి తాళమే, నిశ్చింతగా ఉండవచ్చును. గుర్తు ఉంటే గూఢలిపి తాళం. అప్పుడు ప్రక్కనున్న ‘డీటెయిల్స్’ మీటను నొక్కితే, ఆ ఫైలును ఏ ధ్రువపత్రం గలవారు చదువగలరో ఒక గుర్తుసంఖ్య కనిపిస్తుంది. పూర్వం ఎప్పుడైనా ఆ ధ్రువపత్రాన్ని తాళంచెవితో సహా పెన్‌డ్రైవులోనో, సీడీలోనో దాచి ఉంటే – అది పి.ఎఫ్.ఎక్స్. అన్న తోకతో ముగిసే చిన్న ఫైలు – దానిని రెండుసార్లు నొక్కి, దానికి పెట్టిన రహస్యపదం ఇస్తే అన్ని ఫైళ్లూ తెరుచుకొంటాయి. కొన్నిసార్లు ఫార్మాట్ చేయకుండ పైపైన విండోస్ వేసినప్పుడు, పాత వ్యవస్థ ‘విండోస్ డాట్ ఓల్డ్’ అన్న ఫోల్డరులో నిలిచి ఉంటుంది. పాత తాళంచెవి అందులో ఉండే అవకాశం ఉన్నది గనుక, దానిని తొలగించకుండ నిపుణులకు చూపించాలి.

నేను నాన్నగారి బీరువా అంతయు వెదికాను. మూడు పెన్‌డ్రైవులు, కొన్ని సీడీలు దొరికినవి. పాటలున్నవి, ఛాయాచిత్రాలున్నవి, ఆ చిన్న ఫైలు లేదు.

డ్రైవంతటికి వేసే తాళం

మూడవ రకం ఒకటి ఉన్నది. ఈనాటి విద్యార్థులకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. 2007లో ప్రజలకు అందిన విండోస్ విస్టాతో వచ్చిన బిట్‌లాకర్ అనే సాధనం ఒక్కొక్క ఫైలుకు గాక, డ్రైవు మొత్తానికి గూఢలిపి తాళం వేస్తుంది. 2024లో వచ్చిన విండోస్ 11 యొక్క 24హెచ్2 రూపాన్ని కొత్తగా స్థాపించి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశిస్తే, తగిన సౌకర్యాలున్న కంప్యూటర్లలో ఇట్టి రక్షణ మనం అడుగకుండనే అమలులోకి వస్తుంది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసిన పిదప కొత్త వ్యవస్థకు మారేవారు పెరిగినారు గనుక, ఈ విషయం అందరూ తెలిసికొనదగినది.

బిట్‌లాకర్ తాళం పడిన డ్రైవు, వ్యవస్థ మారిన పిదప 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను అడుగుతుంది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది వరుసలుగా ఉండే ఆ సంఖ్య, మైక్రోసాఫ్ట్ ఖాతా వాడి ఉంటే సాధారణంగా ఆ ఖాతాలో భద్రమై ఉంటుంది. వేరొక కంప్యూటరు నుండి ఖాతాలో ప్రవేశించి చూచుకోవచ్చును. లేకుంటే, మనమే అచ్చు వేసికొన్న కాగితంలోనో, పెన్‌డ్రైవులోనో ఉండాలి. తెరపై చూపే గుర్తింపు సంఖ్యను, మన దగ్గరనున్న కాగితంపై సంఖ్యను పోల్చి చూస్తే ఏ డ్రైవుకు ఏది చెల్లుతుందో తెలుస్తుంది. ఆ 48 అంకెలు ఎక్కడా లేకుంటే, మైక్రోసాఫ్ట్ సంస్థవారు కూడ ఆ డ్రైవును తెరువలేరు.

ఇది అన్యాయమా?

ఆ పదునాలుగు పేర్లను చూచినప్పుడెల్లా నాకు మొదట కోపం వచ్చేది. కన్నకొడుకునైన నాకే తెరుచుకొనని తాళం ఎందుకు? పిదప నిదానంగా ఆలోచించాను. నేను కొడుకునన్న సంగతి ఆ యంత్రానికి తెలియదు. నాకు తెరుచుకొనే తాళం ఆ కంప్యూటరును దొంగిలించినవానికి కూడ తెరుచుకొంటుంది. కావలివాడిని యజమాని మార్చవచ్చును; అది మొదటి తాళం ప్రయోజనం. తాళంచెవి లేనివాడు ఎవడైనను లోపలికి రాలేడు. అది రెండవ తాళం ప్రయోజనం. లోపం తాళంలో లేదు. తాళంచెవి ఎక్కడున్నదో ఇంటివారికి ఎవరికీ చెప్పని అలవాటులో ఉన్నది. నాన్నగారు చెప్పలేదు. నేనూ అడుగలేదు.

కావున విద్యార్థి మిత్రులకు ఈ కొద్ది సూచనలు చేయుచున్నాను.

మొదటిది: విండోస్ కొత్తగా వేయించడానికి ముందే మన ఫైళ్ల నకలును వేరొక డిస్కులో ఉంచుకొని, ఆ నకలును మరొక కంప్యూటరులో తెరిచి చూచుకోవాలి. పాత కంప్యూటరులోనే తెరిచి చూస్తే చాలదు. అక్కడ తాళంచెవి ఉన్నది గనుక అన్నియు తెరుచుకొంటాయి.

రెండవది: ఏ డ్రైవుకైనా బిట్‌లాకర్ ఉన్నదేమో చూచి, 48 అంకెలను కాగితంపై వ్రాసి, సర్టిఫికెట్లతో పాటు భద్రపరచాలి. ఇ.ఎఫ్.ఎస్. వాడి ఉంటే ధ్రువపత్రాన్ని పెన్‌డ్రైవులోకి తీసికోవాలి, లేదా ఫార్మాట్‌కు ముందే ఆ గడిలోని గుర్తును తొలగించాలి.

మూడవది: తాళం పడిన పిదప తొందరపడి మరల ఫార్మాట్ కొట్టించరాదు, డిస్కులో కొత్త ఫైళ్లు నింపరాదు. ‘ఏ తాళమైనా విప్పుతాము’ అని డబ్బు అడిగేవారికి, దూరం నుండి మీ కంప్యూటరును తమ చేతికి ఇమ్మనేవారికి లోబడరాదు.

నాలుగవది: ఈనాటి ఫోన్లలో కూడ గూఢలిపి తాళమే ఉన్నది. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తాళంచెవి నశిస్తుంది. ముందుగా తీసికొన్న నకలు తప్ప మరొక దిక్కు ఉండదు.

మన మార్కాపురం పలకపై వ్రాసినదానిని తడిగుడ్డతో తుడిస్తే అక్షరం పోతుంది, పలక మిగులుతుంది. నా వద్ద ఉన్న ఆ ఫోల్డరు దీనికి విపర్యయం: అక్షరాలన్నియు ఉన్నవి, చదివే దారి పోయింది. నేను దానిని తొలగించలేదు. రెండు డిస్కులలో నకళ్లు తీసి ఉంచాను. ఏనాడైనా ఏ పాత పుస్తకం మధ్యనో, ఏ బంధువుల ఇంటనో నాన్నగారి మరొక పెన్‌డ్రైవు దొరుకవచ్చును. దొరికిననాడు ‘కంభం చెరువు కట్ట మీద’ అన్న మొదటి అధ్యాయాన్ని ఈ పత్రికకే పంపుతాను. అంతవరకు మిత్రులు ఈ సాయంకాలమే ఇంట పెద్దలను ఒక్క మాట అడగవలసినదిగా కోరుతున్నాను: ‘మీ కంప్యూటరు తాళంచెవి ఎక్కడ ఉన్నది?’